తూకం మీది అంకెను పూర్తిగా చదవండి: ప్రసూతి వైద్యులకు, నర్సులకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రసూతి వైద్యులకు, నర్సులకు, గర్భిణుల నెలవారీ పరీక్షలు చూసే ఆరోగ్య సిబ్బందికి నమస్కారాలు.

నేను గర్భిణులకు పోషకాహార సలహాలు ఇచ్చే పనిలో ఉన్నాను. మీరు పరీక్షించి పంపాక వాళ్లు నా దగ్గరికి వస్తారు. చేతిలో కార్డు ఉంటుంది. అందులో ఆనాటి బరువు చుట్టూ చాలాసార్లు ఎర్ర సిరాతో ఒక సున్నా చుట్టి, పక్కన ‘బరువు ఎక్కువ, తిండి తగ్గించాలి’ అనో, ‘బరువు చాలదు, బాగా తినాలి’ అనో రాసి ఉంటుంది. అదే కార్డులో ఎత్తు రాయాల్సిన గడి ఖాళీగా ఉంటుంది. గర్భం రాకముందు ఆమె ఎంత బరువు ఉండేదో ఎక్కడా కనిపించదు. ఈ రెండూ తెలియకుండా ఆ అంకె ఎక్కువో తక్కువో తేల్చడం ఎంత అనుభవం ఉన్నవారికైనా సాధ్యం కాదు. అయినా తీర్పు మాత్రం కార్డెక్కింది, ఆ తీర్పును మోసుకుంటూ ఆమె నా ఎదుట కూర్చుంటుంది.

నేను మీకు విన్నవించుకునేది ఒక్కటే. గర్భంలో ఎంత బరువు పెరగాలన్నది ఆమె ఏ బరువుతో గర్భం దాల్చిందన్న దాన్ని బట్టి మారుతుంది. ఆ పెరుగుదల ఎప్పుడు, ఏ రూపంలో వస్తుందన్నది చాలావరకు హార్మోన్ల చేతిలో ఉంటుంది. తిండికీ కదలికకూ తప్పకుండా పాత్ర ఉంది, కానీ ఆ పాత్ర మనం మాటల్లో చెప్పేంత పెద్దది కాదు. కాబట్టి మందలించే ముందు ఆ అంకె వెనక ఏముందో చదవాలని, చదివినదాన్ని ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలని కోరుతున్నాను. ఇందులో చాలా సంగతులు మీరు చదువుకున్నవే. రద్దీగా ఉన్న ఓపీలో అవి గుర్తుకు వచ్చే తీరిక ఉండదన్నది కూడా నాకు తెలుసు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ బరువులో ఏమేం ఉంటాయో చూద్దాం. ప్రసూతి శాస్త్రంలో ఎంతో కాలంగా వాడుకలో ఉన్న లెక్క ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న స్త్రీ నిండు నెలల నాటికి సగటున 12.5 కిలోలు పెరుగుతుంది. అందులో బిడ్డ సుమారు 3.4 కిలోలు, మాయ 650 గ్రాములు, ఉమ్మనీరు 800 గ్రాములు, పెరిగిన గర్భసంచి కిలోకు కాస్త తక్కువ, రొమ్ములు 400 గ్రాములు. అదనంగా చేరిన రక్తం సుమారు కిలోన్నర, కణాల వెలుపల నిలిచే నీరు మరో కిలోన్నర. మిగిలిన 3.3 కిలోలు మాత్రమే కొవ్వు. అంటే పెరిగిన బరువులో కొవ్వు వాటా నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువ. మిగిలిన తొమ్మిది కిలోలూ బిడ్డవి, లేదా బిడ్డను మోయడానికి శరీరం చేసుకున్న ఏర్పాట్లవి. ‘తిండి తగ్గించు’ అన్న ఒక్క మాటతో ఈ వాటాలన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం.

ఈ వాటాలు ఒక్కొక్కటీ ఒక్కో హార్మోను ఆజ్ఞ మీద, ఒక్కో సమయంలో పెరుగుతాయి. మొదటి మూడు నెలల్లో హెచ్‌సీజీ అనే గర్భ హార్మోను వేగంగా పెరిగి, సుమారు ఎనిమిది నుంచి పది వారాల మధ్య పతాక స్థాయికి చేరుతుంది. వేవిళ్లు ఎక్కువగా ఉండేదీ ఆ రోజుల్లోనే కాబట్టి, కారణం అదేనని చాలా కాలం అనుకున్నారు. 2023 చివర్లో వెలువడిన పరిశోధన జీడీఎఫ్-15 అనే మరో హార్మోనును ముందుకు తెచ్చింది. గర్భంలో ఇది ప్రధానంగా మాయ నుంచే తల్లి రక్తంలోకి చేరుతుంది. గర్భానికి ముందు దీని స్థాయి తక్కువగా ఉన్న స్త్రీల శరీరానికి అది అలవాటు ఉండదు కనుక, ఒక్కసారిగా పెరిగినప్పుడు వాళ్లకు వాంతులు తీవ్రంగా ఉంటాయి. మూడో నెలలో రెండు కిలోలు తగ్గి వచ్చిన స్త్రీని చూసి ‘బిడ్డ మీద శ్రద్ధ లేదా’ అని అడిగే ముందు ఈ సంగతి తలచుకోవాలి. ఆమె తిననని మొండికేయడం లేదు, తిన్నది నిలవడం లేదు. గర్భానికి ముందున్న బరువులో ఐదు శాతానికి మించి తగ్గితే దానికి కావలసింది చికిత్స.

ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరోన్ చేసే పని తూకం మీద ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఈస్ట్రోజన్ ప్రభావంతో మూత్రపిండాల దగ్గర ఉప్పునీ నీటినీ పట్టి ఉంచే హార్మోన్ల వ్యవస్థ చురుకవుతుంది. రక్త పరిమాణం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. బిడ్డలోనూ ఉమ్మనీటిలోనూ ఉన్నదంతా కలుపుకుంటే శరీరంలో మొత్తం నీరు ఆరు నుంచి ఎనిమిది లీటర్ల దాకా పెరుగుతుంది. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బడం దీనివల్లే. ప్రొజెస్టిరోన్ ఆకలిని పెంచుతుంది, పేగుల కదలికను మందగింపజేస్తుంది, మొదటి సగంలో కొవ్వు దాచుకోవడానికి శరీరాన్ని సిద్ధం చేస్తుంది. ఈ కొవ్వు ఎక్కువగా తొడల మీద, పిరుదుల మీద, నడుము చుట్టూ చేరుతుంది. చివరి నెలల్లో బిడ్డ వేగంగా పెరిగేటప్పుడూ, తరవాత పాలిచ్చేటప్పుడూ ఖర్చు పెట్టుకోవడానికి శరీరం ముందుగా చేసుకునే పొదుపు అది.

కొవ్వు పెరిగితే ఆకలి తగ్గాలి కదా అన్న ప్రశ్న సహజం. మామూలు రోజుల్లో ఆ పని లెప్టిన్ చూసుకుంటుంది. 1994లో కనుగొన్న ఈ హార్మోను కొవ్వు కణాల నుంచి వెలువడి, నిల్వలు చాలినంత ఉన్నాయని మెదడుకు కబురు పంపుతుంది. గర్భంలో మాయ కూడా దీన్ని తయారుచేస్తుంది కాబట్టి రక్తంలో లెప్టిన్ రెండు మూడు రెట్లు పెరుగుతుంది. అయినా ఆకలి తగ్గదు. జంతువుల మీద జరిగిన పరిశోధనల్లో తేలిన కారణం ఏమిటంటే, పాలు పడేలా చేసే హార్మోను ప్రొలాక్టిన్, దాని కుటుంబానికే చెందిన మాయ హార్మోన్లు మెదడులో పనిచేసి, లెప్టిన్ కబురును అది పట్టించుకోకుండా చేస్తాయి. అంటే ‘ఇక చాలు’ అన్న సంకేతాన్ని గర్భమే కావాలని మూసేస్తుంది. ఆ స్థితిలో ఉన్న మనిషితో ‘నోరు కట్టుకోలేవా’ అనడం ఎంత అన్యాయమో మీరే ఆలోచించండి.

ఐదో నెల దాటాక కథ మారుతుంది. మాయ నుంచి వచ్చే ప్లాసెంటల్ లాక్టోజన్, మాయ తయారుచేసే గ్రోత్ హార్మోను, రెండు మూడు రెట్లు పెరిగిన ఒత్తిడి హార్మోను కార్టిసాల్ కలిసి తల్లి కణాల మీద ఇన్సులిన్ పట్టును సడలిస్తాయి. నెలలు నిండే నాటికి ఇన్సులిన్ పనితనం సగానికి పైగా తగ్గిపోతుంది. తల్లి కండరాలు చక్కెరను తక్కువగా తీసుకుంటాయి, ఆ చక్కెర బిడ్డకు అందుతుంది, తల్లి శరీరం దాచుకున్న కొవ్వును ఖర్చు చేసుకుంటుంది. ఈ దశలో ఒక పూట తిండి మానేస్తే రక్తంలో చక్కెర పడిపోవడం, కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు పెరగడం మామూలు మనిషిలో కంటే త్వరగా జరుగుతాయి. తూకం రోజున ఉదయం ఏమీ తినకుండా వచ్చే గర్భిణులను నేను తరచూ చూస్తుంటాను. అడిగితే, ‘బరువు ఎక్కువొస్తే అందరి ముందూ కేకలేస్తారండీ’ అంటారు. ఆ భయంతో చేసిన ఉపవాసం కార్డులో ఎక్కడా నమోదు కాదు.

ఇలా ఇన్సులిన్ పనితనం తగ్గడాన్నే ఇన్సులిన్ నిరోధం అంటారు. పెరిగిన ఆ నిరోధానికి తగ్గట్టు క్లోమగ్రంథి ఇన్సులిన్ ఉత్పత్తిని పెంచుకోలేకపోతే గర్భధారణ మధుమేహం వస్తుంది. దీన్ని బరువు చూసి పట్టుకోలేం. అది సన్నగా ఉన్నవారిలోనూ వస్తుంది, లావుగా ఉన్న చాలామందిలో రాదు. అందుకే 24 నుంచి 28 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష ఉంది. పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153 మిల్లీగ్రాములు (డెసిలీటరు రక్తంలో చక్కెర) అన్న పరిమితులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఆమోదించింది. ‘సన్నగానే ఉన్నారు, అక్కర్లేదు’ అంటూ ఆ పరీక్షను వదిలేయకండి.

ఇక థైరాయిడ్ సంగతి. బరువంతా దాని మీదకు నెట్టేయడం ఒక అలవాటు. థైరాయిడ్ లోపం వల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ చాలా భాగం ఉప్పూ నీరే. కానీ ముందు నుంచి థైరాక్సిన్ మాత్రలు వేసుకుంటున్నవారికి గర్భం వచ్చాక మోతాదు పావు వంతు నుంచి సగం దాకా పెంచవలసి రావడం మామూలే. బరువు కోసం కాకపోయినా, బిడ్డ మెదడు ఎదుగుదల కోసం అది గర్భం తెలిసిన వెంటనే చూడవలసిన విషయం.

ఇప్పుడు గర్భానికి ముందున్న బరువు గురించి. నా ఉద్దేశంలో అన్నిటికంటే తరచుగా విస్మరణకు గురవుతున్నది ఇదే. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో సవరించిన మార్గదర్శకాలు బీఎంఐని (ఎత్తుకు బరువు ఎంత తగ్గట్టుందో చూపే కొలతను) బట్టి నాలుగు హద్దులు గీశాయి. బీఎంఐ 18.5 కంటే తక్కువ ఉన్నవారు 12.5 నుంచి 18 కిలోలు పెరగాలి. 18.5 నుంచి 24.9 వరకు ఉన్నవారు 11.5 నుంచి 16, 25 నుంచి 29.9 వరకు ఉన్నవారు 7 నుంచి 11.5, 30 అంతకు మించి ఉన్నవారు 5 నుంచి 9 కిలోలు. కవలలైతే హద్దులు వేరు; మామూలు బరువుతో మొదలైనవారికి 17 నుంచి 25 కిలోలు. ఈ అంకెలు ప్రధానంగా అమెరికా స్త్రీల కోసం తయారైనవి, బీఎంఐ కూడా కొవ్వునీ కండరాన్నీ వేరుచేసి చూపలేదు. ఆసియా ప్రజల్లో 23 బీఎంఐ దగ్గరి నుంచే ముప్పు పెరగడం మొదలవుతుందని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం గుర్తించింది కూడా. ఆ లోపాలన్నీ ఒప్పుకున్నా, అందరికీ ఒకే కొలత పెట్టడం కంటే ఇది ఎంతో మేలు.

ఒక లెక్క చూడండి. ఇద్దరు స్త్రీలూ 155 సెంటీమీటర్ల ఎత్తే. ఒకరు 42 కిలోలతో గర్భం దాల్చారు, బీఎంఐ 17.5. రెండోవారు 74 కిలోలతో దాల్చారు, బీఎంఐ దాదాపు 31. ఇరవై ఎనిమిదో వారంలో ఇద్దరూ సరిగ్గా ఆరు కిలోలు పెరిగి ఉన్నారు. మొదటి మూడు నెలల్లో అర కిలో నుంచి రెండు కిలోలు, ఆ తరవాత సన్నని స్త్రీకి వారానికి 440 నుంచి 580 గ్రాములు, రెండో స్త్రీకి 170 నుంచి 270 గ్రాములు అన్న లెక్కన చూస్తే, మొదటామె ఈపాటికి ఏడు నుంచి పదిన్నర కిలోల దాకా పెరిగి ఉండాలి, కాబట్టి వెనకబడింది. రెండో ఆమె మూడు నుంచి ఆరు కిలోల మధ్య ఉండాలి, కాబట్టి పై హద్దు దగ్గరే ఉన్నా ఇంకా దాటలేదు. కార్డులో ఎత్తూ మొదటి బరువూ లేకపోతే ఏమవుతుంది? నలభై ఎనిమిది కిలోలు చూసి మొదటామెను ‘ఆరు కిలోలు పెరిగావు, ఫరవాలేదు’ అని పంపేస్తాం. ఎనభై కిలోలు చూసి రెండో ఆమెను కేకలేస్తాం. రెండు తీర్పులూ తప్పే.

ఈ తేడాకు కారణం మళ్లీ హార్మోన్లలోనే ఉంది. ఎక్కువ బరువుతో గర్భం దాల్చిన స్త్రీలో కొవ్వు నిల్వలు ముందే ఉన్నాయి, లెప్టిన్ ఎక్కువగా ఉంది, ఇన్సులిన్ నిరోధం కూడా గర్భానికి ముందే కొంత ఉంది. దాని మీద గర్భం తెచ్చే నిరోధం తోడవడంతో చక్కెరా కొవ్వు పదార్థాలూ బిడ్డకు ఎక్కువగా అందుతాయి. అందుకే ఆమె పెద్దగా బరువు పెరగకపోయినా బిడ్డ పెద్దగా పుట్టవచ్చు. సన్నని స్త్రీలో అలాంటి నిల్వ లేదు కనుక, ఆమె పెరిగే ప్రతి కిలో మీదా బిడ్డ బరువు ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. సన్నని తల్లి పెరగకపోవడం ఎంత ప్రమాదమో మన పరీక్షల్లో తగినంత గట్టిగా వినిపించడం లేదని నాకు అనిపిస్తుంది. మన దృష్టంతా లావు మీదే ఉంది.

వైద్యం ఈ విషయంలో తన మాటను తానే ఎన్నిసార్లు దిద్దుకుందో కూడా గుర్తు చేయాలి. 1889లో ప్రొకోవ్నిక్ అనే జర్మన్ వైద్యుడు, కటి ఎముక ఇరుకుగా ఉన్న స్త్రీలకు కాన్పు తేలిక కావాలని, బిడ్డ చిన్నగా ఉండేలా తిండిని కట్టడి చేశాడు. ఇరవయ్యో శతాబ్దంలో చాలా దశాబ్దాల పాటు, గుర్రపు వాతం (గర్భంలో బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే స్థితి) రాకుండా ఉంటుందన్న నమ్మకంతో, గర్భిణులను ఏడు నుంచి తొమ్మిది కిలోలకు మించి పెరగనివ్వలేదు. 1944–45 శీతకాలంలో నెదర్లాండ్స్‌ను పట్టిన కరవు, చివరి నెలల్లో తల్లికి తిండి కరవైతే బిడ్డ బరువు ఎంత పడిపోతుందో బాధాకరంగా చూపించింది. 1970లో అమెరికా జాతీయ నివేదిక ఆ పాత కట్టడిని వదలమంది. 1990లో బీఎంఐని లెక్కలోకి తెచ్చారు, 2009లో మళ్లీ సవరించారు. ఇన్నిసార్లు మారిన కొలతను పట్టుకుని ఒక స్త్రీని దోషిగా నిలబెట్టడం తగదు.

ఆమె గట్టిగా ప్రయత్నిస్తే ఎంత మార్చగలదో కూడా లెక్క ఉంది. 2017లో ప్రచురితమైన ఒక విశ్లేషణ 36 వైద్య ప్రయోగాల నుంచి పన్నెండు వేలకు పైగా గర్భిణుల వివరాలు కలిపి చూసింది. శిక్షణ పొందినవారు తిండి, వ్యాయామం విషయంలో దగ్గరుండి సాయం చేసినప్పుడు, మిగతావారితో పోలిస్తే బరువు పెరుగుదల సగటున 700 గ్రాములు తగ్గింది. సిజేరియన్లు కూడా కొంత తగ్గాయి కాబట్టి ఆ శ్రమ వృథా కాదు, దాన్ని నేను రోజూ చేస్తూనే ఉన్నాను. కానీ అంత సాయంతో వచ్చిన తేడా ముప్పావు కిలోకు లోపే అయితే, హడావిడిలో అన్న ఒక కసురు మాటతో ఏం వస్తుంది? అదే సంవత్సరం, పది లక్షలకు పైగా గర్భాలను పరిశీలించిన మరో విశ్లేషణలో 47 శాతం మంది హద్దుకు మించి, 23 శాతం మంది హద్దుకు తక్కువగా పెరిగారు. హద్దులో ఉన్నవారు మూడో వంతు కూడా లేరు. ఇంతమంది తప్పుతున్నప్పుడు దాన్ని ఒక్కొక్కరి బద్ధకంగా చూడటం కుదరదు.

బరువును పట్టించుకోవద్దని నేను అనడం లేదు. పట్టించుకోవలసిన చోట మనం పట్టించుకోవడం లేదన్నదే నా బాధ. ఇరవై వారాల తరవాత ఒక్క వారంలో కిలోకు మించి పెరిగితే అది దాదాపు ఎప్పుడూ నీరే, తిండి కాదు. నా దగ్గరికి వచ్చిన ఒక స్త్రీ ఎనిమిదో నెలలో వారం తిరగకుండా రెండు కిలోలు పెరిగింది. కార్డులో ‘తిండి తగ్గించాలి’ అని రాసి ఉంది. ఆమె నిజంగానే తగ్గించింది. నా ఎదుట కూర్చుని వేలికున్న ఉంగరాన్ని తిప్పబోతే అది కదలలేదు, చుట్టూ చర్మం ఉబ్బి బిగుసుకుపోయి ఉంది. రెండు రోజులుగా తలనొప్పి అంది. బీపీ మళ్లీ చూడమని వెంటనే వెనక్కి పంపాను. ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చుకున్నారు, తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు. బీపీ 140/90 చేరినా, ముఖమూ చేతులూ ఉబ్బినా, చూపు మసకబారినా అవి గుర్రపు వాతం ముందు సూచనలు కావచ్చు, బరువు గురించి మాట్లాడే సమయం కాదది. తూకం ఇచ్చిన హెచ్చరికను తిండి మీద ఫిర్యాదుగా చదివితే ప్రాణాల మీదికి వస్తుంది.

అందుచేత మీకు కొన్ని వినతులు. మొదటి పరీక్షలోనే ఎత్తు కొలిచి, గర్భానికి ముందు బరువు అడిగి, బీఎంఐ లెక్కకట్టి, ఆమె ఎంత పెరగవచ్చో కార్డు మీద రాయించండి. గుర్తులేదంటే మొదటి మూడు నెలల్లో తీసిన తొలి బరువును ఆధారం చేసుకోవచ్చు. కార్డులు అచ్చు వేయించే ఆసుపత్రి యాజమాన్యాలు అందుకు ఒక గడి పెడితే చాలు, దీనికి కొత్త పరికరమేదీ అక్కర్లేదు. తూకం యంత్రాన్ని వరండాలో క్యూ మధ్య పెట్టకుండా కాస్త చాటున పెట్టండి, అంకెను బిగ్గరగా చదవకండి. పెరుగుదల వేగం మారినప్పుడు ముందుగా వాపు, బీపీ, చక్కెర, థైరాయిడ్ చూడండి. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, ఇన్సులిన్ కూడా బరువు పెంచగలవు కనుక ఆమె వేసుకుంటున్న మందులు అడగండి. తిండి గురించి మాట్లాడేది వీటి తరవాతే.

తిండి గురించి మాట్లాడేటప్పుడు కొలతతో చెప్పండి. ‘ఇద్దరి తిండి తినాలి’ అన్న మాట ఇంటి నుంచి, ‘తగ్గించు’ అన్న మాట ఆసుపత్రి నుంచి వింటూ ఆమె మధ్యలో నలిగిపోతుంది. నిజానికి అదనంగా కావలసింది మొదటి మూడు నెలల్లో రోజుకు సుమారు 85 కేలరీలు, మధ్య మూడు నెలల్లో 285, చివరి మూడు నెలల్లో 475 అన్నది ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. అదీ మామూలు బరువుతో మొదలైన స్త్రీకి. మొదట్లో దాదాపు ఏమీ పెంచనక్కర్లేదని, చివర్లో కూడా తిండి రెట్టింపు కాదని చెబితే చాలామంది ఊరటతో నిట్టూరుస్తారు. వైద్యపరమైన అడ్డంకి లేనివారికి వారానికి 150 నిమిషాల ఓ మాదిరి వ్యాయామం సురక్షితమని కూడా చెప్పండి. ఎంతోమంది నడవాలంటేనే భయపడుతున్నారు.

చివరగా కాన్పు తరవాతి సంగతి. మాయ బయటపడగానే ఈ హార్మోన్లలో చాలావాటి స్థాయి గంటల్లో, రోజుల్లో పడిపోతుంది. బిడ్డ, మాయ, ఉమ్మనీరు కలిపి కాన్పులోనే దాదాపు ఐదు కిలోలు తగ్గుతాయి, నిలిచిన నీరు కొద్ది వారాల్లో పోతుంది. కొవ్వు మాత్రం నెమ్మదిగా కరుగుతుంది, కొందరిలో అలాగే ఉండిపోయి తరవాతి గర్భానికి మొదటి బరువుగా మారుతుంది. అయినా కాన్పు అయ్యాక తల్లి బరువు అడిగేవారే ఉండరు, అందరి చూపూ బిడ్డ బరువు మీదే. ఆరో వారం పరీక్షకు వచ్చినప్పుడు ఆమెనూ తూకం వేసి, ఆ అంకెను అదే కార్డులో రాయండి. గర్భంలో మధుమేహం వచ్చినవారికి గ్లూకోజు పరీక్ష మళ్లీ చేయించండి. మరో బిడ్డ కావాలనుకుంటున్నారేమో అడిగి, అనుకుంటే ఆ మధ్య కాలంలో నా లాంటివారి దగ్గరికి పంపండి. గర్భం వచ్చాక మేం చేయగలిగేదానికంటే అప్పుడు చేయగలిగేది చాలా ఎక్కువ.

ఇట్లు,
గర్భిణులకు పోషకాహార సలహాలు ఇచ్చే ఒక ఉద్యోగిని